బీపీ కోసం సీపాప్ యంత్రం: కొన్నేళ్ల వాడకం తరువాత

నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా జబ్బుకు నేను, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీపాప్ యంత్రం వాడుతూ కొన్నేళ్లయింది. గురక, పగటి మగత మొదటి వారాల్లోనే తగ్గాయి. చాలామంది సమీక్షలు అక్కడితో ఆగిపోతాయి. నాకు మాత్రం ఈ యంత్రాన్ని రాసిచ్చింది బీపీ కోసం, గుండె కోసం. కాబట్టి ఆ రెండింటి విషయంలో అది ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

నీరు పోయే మాత్రతో కలిపి మూడు రకాల మందులు వేసుకుంటున్నా, పొద్దున లేవగానే నా బీపీ 160/100 దగ్గర ఉండేది. సాయంత్రానికి అదే 140 లోపుకు దిగేది. ఈ తేడా గమనించిన కార్డియాలజిస్టు గారు నాలుగో మందు రాయకుండా నా మెడ చుట్టుకొలత కొలిచి, రాత్రిళ్లు నేను ఎలా నిద్రపోతానో నా భార్యను అడిగి, స్లీప్ టెస్టుకు పంపారు. కనీసం 10 సెకన్లపాటు శ్వాస ఆగినా, బాగా తగ్గినా దాన్ని ఒక సంఘటనగా లెక్కిస్తారు. గంటకు అలాంటివి 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే ఓ మోస్తరు, 30 దాటితే తీవ్రం. నాకు 38 వచ్చాయి. ఆక్సిజన్ ఒక దశలో 78 శాతానికి పడిపోయింది.

గొంతు మూసుకున్నప్పుడు శరీరం గాలి కోసం బలంగా పీలుస్తుంది కానీ గాలి లోపలికి పోదు. ఆ లాగుడుకు ఛాతీలో ఒత్తిడి పడిపోయి గుండె గోడల మీద భారం పెరుగుతుంది. ఆక్సిజన్ తగ్గగానే ప్రమాదం వచ్చినట్టు నాడీ వ్యవస్థ ఉలిక్కిపడి, రక్తనాళాలను బిగించి, బీపీని ఒక్కసారిగా పెంచి మనిషిని సగం నిద్రలోంచి లేపుతుంది. ఇది రాత్రంతా జరుగుతుంటే ఆ బిగుతు పగటిపూట కూడా వదలదు. ఆరోగ్యవంతుల్లో నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలి. 24 గంటల బీపీ పరీక్షలో నాకు పగలూ రాత్రీ దాదాపు ఒకే అంకె వచ్చింది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు కూడా ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని అప్పుడే తెలుసుకున్నాను.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడాన్ని నేను షుగరేమోనని అనుమానించేవాడిని. ఛాతీలో ఒత్తిడి మారి గుండె పై గది సాగినప్పుడు, ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె భ్రమపడి, నీటిని బయటికి పంపే హార్మోను విడుదల చేస్తుందట. యంత్రం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ లేవడాలు ఒకటికి తగ్గాయి. నా గుండె మీద భారం తగ్గిందనడానికి నాకు కనిపించిన తొలి ఆనవాలు అదే.

బీపీ మాత్రం నెమ్మదిగా దిగింది. కొన్ని నెలలకు ఉదయపు అంకె 140 కిందికి వచ్చింది, రాత్రి బీపీ పగటి కంటే తగ్గడం మొదలైంది, డాక్టరు గారు ఒక మందు మోతాదు తగ్గించారు. అయితే మందులు పూర్తిగా మానలేదు, ఎవరూ ఆ ఆశతో కొనకూడదు. అధ్యయనాల్లో సీపాప్ వల్ల సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే. మందులకు లొంగని బీపీ ఉన్నవారి మీద స్పెయిన్‌లో చేసి 2013లో వెలువరించిన పరీక్షలోనూ 24 గంటల సగటు బీపీ 3 పాయింట్ల మేరకే తగ్గింది. నాకు అంతకంటే ఎక్కువ తగ్గడంలో బరువు తగ్గడానికీ, ఉప్పు తగ్గించడానికీ వాటా ఉంది.

గుండెపోటు విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. భారత్ సహా ఏడు దేశాల్లో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,700 మందికి పైగా రోగులతో నడిచి 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో, సీపాప్ ఇచ్చినంత మాత్రాన గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. కాని వారు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారన్నది నాకు ముఖ్యంగా తోచింది. తెల్లవారుజామున, కలలు వచ్చే నిద్రలో ఊపిరి ఎక్కువగా ఆగుతుంది; అర్ధరాత్రికి మాస్కు తీసేసేవారికి సరిగ్గా ఆ గంటలే పోతాయి. అందుకే నేను రాత్రంతా పెట్టుకుంటాను.

రాత్రంతా నిలవడం మాస్కు చేతిలో ఉంది. ముక్కూ నోరూ కప్పే మొదటి మాస్కు అంచు నుంచి గాలి సన్నగా కంట్లోకి కొట్టి, తెల్లారేసరికి కన్ను ఎర్రబడేది. అమ్మిన దుకాణం సైజు మార్చి ఇవ్వనంది. ముక్కును మాత్రమే కప్పేది వేరేచోట కొన్నాక ఆ బాధ పోయింది. మొహం జిడ్డు అంటితే సిలికాన్ అంచు జారుతుంది కనుక రోజూ పొద్దున్నే కొద్దిపాటి సబ్బునీటితో కడుగుతాను. మా విజయవాడ నీళ్లు పోస్తే, గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫైయర్ తొట్టి అడుగున తెల్లటి గార కడుతుంది, డిస్టిల్డ్ వాటర్ తప్పదు. చలికాలం గొట్టంలో ఆవిరి చుక్కలై ముక్కులోకి జారితే గొట్టానికి గుడ్డ చుట్టాలి. వేసవిలో కరెంటు పోయినప్పుడు, నీటిని వేడిచేయడం ఆపేస్తే ఇన్వర్టరు మీద తెల్లవారేదాకా నడుస్తుంది.

బరువు తగ్గాక, యంత్రం తానుగా ఎంచుకునే గాలి ఒత్తిడి 12 నుంచి 10కి దిగింది, తెరమీద గంటకు ఆగిన లెక్క 3 దాటడం లేదు. అది యంత్రం పెట్టుకున్నప్పటి అంకె కనుక, యంత్రం లేకుండా మరో స్లీప్ టెస్టు చేసి చూద్దామని, అప్పటిదాకా ఏ మందూ ఆపవద్దని డాక్టరు గారు అన్నారు.