టీపీఏ3116 యాంప్ డబ్బా: పాత స్పీకర్లకు బాగానే ఉంది, అడాప్టరే దండగ

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్ల ఇళ్లలో అటక మీద చెక్కపెట్టె స్పీకర్ల జత ఇంకా కనబడుతూనే ఉంటుంది. వాటిని స్మార్ట్ టీవీకి నేరుగా తగిలిస్తే పలకవు, మధ్యలో యాంప్లిఫయర్ ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే, టీపీఏ3116 అనే చిప్‌తో చేసిన ఈ చిన్న యాంప్లిఫయర్ డబ్బా ఆ పనికి చాలు. మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, పెద్దగా వేడెక్కదు.

చిక్కంతా దాంతోపాటు ఇచ్చే 12 వోల్టుల అడాప్టర్‌తోనే. పెట్టె మీద 50+50 వాట్లని వేస్తారు. ఆ లెక్క 21 వోల్టులకు, 4 ఓమ్‌ల స్పీకర్లకు. 12 వోల్టుల అడాప్టర్‌తో 8 ఓమ్‌ల స్పీకర్‌కు అందేది ఒక్కో వైపు 8 వాట్లే. సౌండ్ పెంచితే గరగరమంటుంది, అలాగే వదిలేస్తే ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కాలొచ్చు. మూలన పడున్న 19 వోల్టుల, 65 వాట్ల లాప్‌టాప్ చార్జర్ పెడితే 20 వాట్ల దాకా వస్తుంది. ప్లగ్ రంధ్రం చూసుకోండి: 2.1 మి.మీ. పిన్నుకు 2.5 ప్లగ్ వదులై కరెంటు తెగుతూ ఉంటుంది. 26 వోల్టులు ఈ చిప్ హద్దు.

టీవీ నుంచి హెడ్‌ఫోన్ సాకెట్ ద్వారా తీస్తే రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది. కానీ కేబుల్ టీవీ వైరు కూడా తగిలించి ఉంటే గుయ్యిమనే హమ్ రావచ్చు. టీవీ ఆప్టికల్ సాకెట్ నుంచి తీస్తే వెళ్లేది వెలుతురే కాబట్టి ఆ బాధ లేదు, కాకపోతే ఆ డిజిటల్ సిగ్నల్‌ను యాంప్‌కు పనికొచ్చే మామూలు ఆడియోగా మార్చే డీఏసీ డబ్బా విడిగా కొనాలి. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను పీసీఎం (PCM) అనే సాదా ఫార్మాట్‌కు మార్చండి. డాల్బీలో ఉంచేసి, శబ్దం రాలేదని మంచి డబ్బాను వాపసు పంపేవాళ్లూ ఉంటారు.

వైరింగులో ఒకటే కట్టడి. ఈ యాంప్‌లో మైనస్ అంటే ఎర్త్ కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు స్పీకర్ల మైనస్‌లను కలిపి ఒకే వైరుతో లాగొద్దు. స్పీకర్ వైరుకు పాత రెండు పిన్నుల ప్లగ్ ఉంటే గుండ్రటి పిన్ను ప్లస్, చదును పిన్ను మైనస్. అనుమానమైతే 1.5 వోల్టుల సెల్ స్పీకర్ వైర్లకు క్షణంపాటు తాకించండి: కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు) బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. మల్టీమీటర్‌లో 8 ఓమ్‌ల స్పీకర్ 6, 7 మధ్య చూపిస్తుంది. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే.

ఇవన్నీ కొనకముందే స్పీకర్ ముందున్న గుడ్డ తీసి, కోన్ చుట్టూ ఉన్న ఫోమ్‌ను వేలితో తాకి చూడండి. గోపాల్‌పూర్ దగ్గరి సముద్రపు తేమకు అది పొడిగా రాలుతుంటే, డబ్బు ముందు దాని రిపేరుకే పెట్టండి.