నల్లగొండ బైబిలు తరగతి: స్వలింగ సంపర్కంపై బోధ

నల్లగొండ క్లాక్ టవర్ సమీపంలోని ఒక సంఘంలో శనివారం సాయంత్రం జరిగే ఉచిత బైబిలు తరగతిలో, ఈ బోధను పాస్టరు అయ్యగారు, పురుషుడు పురుషునితో శయనించడాన్ని నిషేధించే లేవీయకాండము 18:22తో ప్రారంభించి, రోమా పత్రిక మొదటి అధ్యాయాన్ని రెండో అధ్యాయపు తొలి వచనంతో కలిపి చదివించి, ఇతరులకు తీర్పు తీర్చేవాడు కూడా నిరుత్తరుడేనని పౌలు అక్కడే హెచ్చరించాడని చూపించారు. ఇంత శ్రద్ధగా ఈ భాగాన్ని బోధించేవారు అరుదని నా అభిప్రాయం. స్వలింగ సంపర్కం వల్లే నాశనమైందని చాలామంది చెప్పే సొదొమ పట్టణపు దోషాల్లో గర్వాన్ని, దీనులను ఆదుకోకపోవడాన్ని యెహెజ్కేలు 16:49 పేర్కొంటుందన్న సంగతినీ ఆయన దాటవేయలేదు. స్వలింగ సంపర్కం పాపమేనన్న సంఘ బోధను సడలించకుండానే, అటువంటి ఆకర్షణతో లోలోపల నలిగిపోయే బిడ్డను ఇంటి నుంచి వెళ్లగొట్టరాదని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పారు. పెద్దల పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంపర్కం నేరం కాదంటూ భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌పై 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మాత్రం రెండు మాటల్లో ముగించారు. యువకులు పేర్లు లేకుండా వ్రాసిచ్చిన చీటీల్లో చాలావాటిని విప్పే సమయమే దొరకలేదు కనుక, వాటి కోసమే మరొక తరగతి ఏర్పాటు చేయవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.