ఉదయగిరికా, పెంచలకోనకా?

నెల్లూరు నుంచి ఒక్క రోజులో కొండల్లోకి వెళ్ళి రావాలంటే ఎక్కడికని అడిగితే, నా నోటికి వచ్చేవి ఈ రెండు పేర్లే.

ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే పెంచలకోన. పొదలకూరు, రాపూరు మీదుగా బస్సులో గుడి దాకా వెళ్ళిపోవచ్చు. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనం, చుట్టూ వెలిగొండల అడవి, వానలు పడ్డాక అయితే జలపాతం. శనివారం రద్దీగా ఉంటుంది, అంతే.

ఉదయగిరికి కాళ్ళలో బలం కావాలి. ఆత్మకూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. ఊరు కొండ కింద, కోట కొండ మీద. ఎండ ముదరక ముందే ఎక్కడం మొదలుపెట్టాలి, నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను నెలల తరబడి ముట్టడించి, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి, దానికోసం గుడే కట్టించాడు. కూలిన గోడల మధ్య, పాత మసీదు పక్కన నిలబడి కిందికి చూస్తుంటే ఆ ముట్టడి ఎంత కష్టమో ఒళ్ళు నొప్పులతో సహా అర్థమవుతుంది. అంత చరిత్ర ఉన్న చోటికి మన జిల్లావాళ్ళే వెళ్ళకపోవడం నాకు బాధ.

నేనైతే ఉదయగిరే అంటాను. చలికాలంలో వెళ్ళండి. దిగాక ఊళ్ళో చెక్క గరిటెలు కొనండి. అడవి కర్రతో చేతితో చెక్కుతారు, ఈ ఊరి ప్రత్యేకతగా వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మా అమ్మ పప్పు కలిపేది ఇప్పటికీ అక్కడ కొన్న గరిటెతోనే.