బయర్న్ టికెట్‌తో చలికాలంలో పాత ఊళ్లు: ఎక్కడ కలిసొస్తుంది, ఎక్కడ దెబ్బతింటాం

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బస పెట్టుకుని చుట్టుపక్కల పాత ఊళ్లు చూడాలనుకునేవాళ్లకు బయర్న్ టికెట్ మంచి బేరం. బవేరియా (జర్మన్‌లో బయర్న్) రాష్ట్రమంతటా ప్రాంతీయ రైళ్లలో రోజంతా చెల్లుతుంది, న్యూరెంబర్గ్ మెట్రో, ట్రాములు కూడా అందులోనే. మొదటి మనిషికి ఒక ధర, ఆపైన ఒక్కొక్కరికీ కొంత అదనం, మొత్తం ఐదుగురి దాకా. అందరి పేర్లూ టికెట్ మీద ఉండాలి, పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలి. దూరప్రయాణాల ఐసీఈ, ఐసీ రైళ్లలో ఇది చెల్లదు. బాంబెర్గ్ అనే పాత ఊరి వైపు రెండు రకాల రైళ్లూ నడుస్తాయి కాబట్టి తొందరలో ఏది ముందొస్తే అది ఎక్కేస్తే టికెట్ లేనట్టే లెక్క.

చలికాలంలో అసలు చిక్కు వేరే ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ టికెట్ ఉదయం 9 తర్వాతే మొదలవుతుంది. డిసెంబరులో ఎనిమిది ప్రాంతంలో తెల్లవారి, నాలుగున్నరలోపే పొద్దు గుంకుతుంది. కోటగోడ ఉన్న పాత ఊరు రోటెన్‌బుర్గ్‌కు న్యూరెంబర్గ్ నుంచి గంటంబావు పైనే పడుతుంది. అంటే ఊళ్లో అడుగుపెట్టేసరికి పదిన్నర. పైగా దారిలో అన్స్‌బాఖ్, స్టైనాఖ్ దగ్గర రైలు మారాలి. మొదటి బండి ఆలస్యమై స్టైనాఖ్‌లో కనెక్షన్ తప్పితే తర్వాతి బండి కోసం ఆ చిన్న స్టేషన్‌లో చలికి వణుకుతూ కూర్చోవాలి. శని, ఆదివారాల్లో 9 గంటల నిబంధన లేదు గానీ, క్రిస్మస్ సంత రోజుల్లో వారాంతపు జనం మామూలుగా ఉండరు. అందుకే మామూలు రోజున వెళ్లి, ఒక రాత్రి అక్కడే ఉండటం మేలు. పగటి గుంపులు వెళ్లిపోయాక ఆ వీధులు వేరేలా ఉంటాయి.

టికెట్ యాప్‌లో ఊరి పేరు పూర్తిగా, ‘రోటెన్‌బుర్గ్ ఓబ్ డేర్ టౌబర్’ అని చూసి ఎంచుకోండి. ఇలాంటి పేర్లున్న ఊళ్లు జర్మనీలో ఇంకా ఉన్నాయి. స్టైనాఖ్‌లూ ఒకటికి మించి ఉన్నాయి.

రోటెన్‌బుర్గ్ స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే రోడర్ ద్వారం. అక్కడే కోటగోడ ఎక్కండి, రుసుము లేదు. పైన చెక్క కప్పు ఉంటుంది గానీ, ఎక్కే రాతిమెట్లు గడ్డకట్టిన రోజున జారుతాయి. పట్టున్న అరికాలు బూట్లు తప్పనిసరి. 1945 మార్చి 31 బాంబుదాడిలో ఊరి తూర్పు భాగం బాగా దెబ్బతింది. గోడ తిరిగి కట్టడానికి చందాలిచ్చినవాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కారు. నడుస్తూ చదువుకోవచ్చు.

సెయింట్ యాకోబ్ చర్చికి వచ్చి కింద మాత్రమే చూసి వెళ్లిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పడమటి వైపు మెట్లెక్కి పైకి వెళ్లాలి. శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1500 ప్రాంతంలో మొదలుపెట్టిన పవిత్ర రక్తపు బలిపీఠం అక్కడుంది. లిండెన్ చెక్క, రంగులు లేవు. చివరి విందు దృశ్యంలో నడిమధ్య నిలబడ్డది క్రీస్తు కాదు, ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు యూదా, చేతిలో డబ్బు సంచితో. బొమ్మల వెనక ఉన్న గాజు కిటికీల్లోంచి వచ్చే వెలుగుతోనే ముఖాలు తేలుతాయి. కాబట్టి మధ్యాహ్నం లోపే వెళ్లండి. చలికాలంలో చర్చి వేళలు కూడా తక్కువే.

ష్నేబాలెన్ అనే పిండివంట కొనేటప్పుడు చాక్లెట్ పూత ఉన్నవి వదిలేసి, పంచదార పొడి చల్లినవి, ఆ రోజు వేయించినవి అడగండి. నిలవున్నవి అట్టముక్కల్లా ఉంటాయి. సంతలో వేడి ద్రాక్షసారా కప్పుకు డిపాజిట్ తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే వెనక్కిస్తారు. చిల్లర యూరోలు ఉంచుకోండి. కార్డు తీసుకోని దుకాణాలు ఇంకా ఉన్నాయి. జనవరిలో వెళ్తే గది, భోజనం ముందే ఖాయం చేసుకోండి. సంత అయ్యాక కొందరు మూసేసి సెలవు తీసుకుంటారు.

బాంబెర్గ్‌కు మాత్రం ఈ టికెట్ హాయి: రైలు మారక్కర్లేదు, గంటలోపే ప్రయాణం, స్టేషన్ నుంచి పాత ఊరికి ఇరవై నిమిషాల నడక. నది మధ్య కట్టిన పాత పురభవనం గోడ మీద చిత్రించిన ఒక బాలదేవదూత కాలు నిజంగానే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వంతెన మీద ఆగి వెతకండి. కొండెక్కితే కేథడ్రల్‌లో చక్రవర్తి రెండో హెన్రీ, ఆయన భార్య కునిగుండెల సమాధి. 1513లో పూర్తిచేసింది అదే రీమెన్‌ష్నైడర్, ఈసారి రాతిలో. పక్క పలకల చుట్టూ తిరిగి చూడండి: ఒకదానిలో కునిగుండె ఎర్రగా కాల్చిన నాగటి కర్రుల మీద నడుస్తూ ఉంటుంది.