ఫిలడెల్ఫియా పాత జైల్లో ఒక పూట

నేర న్యాయశాస్త్రం చదువుతున్న పద్దెనిమిది మంది విద్యార్థులతో ఏప్రిల్‌లో రెండు రోజులు అమెరికాలోని ఫిలడెల్ఫియా వెళ్లొచ్చాను. కాలేజీ పిల్లల్ని ఇలాంటి చోట్లకు తీసుకెళ్లాలనుకునే అధ్యాపకులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటి రోజు ఉదయం ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అనే పాత జైలుకు వెళ్లాం. 1829లో తెరిచారు, 1971లో మూసేశారు, 1994 నుంచి మ్యూజియంగా నడుపుతున్నారు. వాస్తుశిల్పి జాన్ హావిలాండ్ గీసిన నమూనా బండిచక్రంలా ఉంటుంది. నడుమ కాపలా స్థలం, దాని చుట్టూ ఆకుల్లా పొడవాటి వార్డులు. సున్నం రాలిన గోడల్ని బాగుచేయకుండా చాలావరకు అలాగే ఉంచారు. లోపల చలి, నేల ఎగుడుదిగుడు. మంచి బూట్లు, స్వెటర్ తప్పనిసరి.

టికెట్‌తో పాటు చెవికి తగిలించుకునే ఆడియో గైడ్ ఇస్తారు. నటుడు స్టీవ్ బుషెమీ గొంతుతో పాటు అక్కడ పనిచేసినవాళ్ల, శిక్ష అనుభవించినవాళ్ల గొంతులూ వినిపిస్తాయి. అందర్నీ గుంపుగా నడిపించడం మానేసి, ఎవరి దారిన వాళ్లను వదిలేశాను. అది మంచిదైంది. ఒకమ్మాయి ఒక సెల్ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. పైకప్పులో చిన్న కిటికీ, అందులోంచి పడే కాస్త వెలుతురు, అంతే. మనిషిని ఒంటరిగా ఉంచితే పశ్చాత్తాపం కలుగుతుందన్న నమ్మకంతో కట్టిన జైలు ఇది. ఖైదీ బయటికొస్తే ముఖానికి ముసుగు వేసేవాళ్లు, ఎవరూ ఎవరినీ చూడకూడదని. అదే జైల్లో ఆ కాలానికే సెల్‌కో మరుగుదొడ్డి, వెచ్చదనానికి ఏర్పాటు ఉన్నాయి. సదుద్దేశంతో చేసింది ఇంత క్రూరంగా ఎలా మారిందన్నదే పిల్లలు ఆలోచించాల్సింది. 1842లో ఇక్కడికొచ్చిన చార్లెస్ డికెన్స్ ఈ ఏకాంత ఖైదును గట్టిగా ఖండించాడు. పద్ధతిని అధికారికంగా వదిలేసరికి 1913 వచ్చింది.

పేరుమోసిన గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ ఉన్న సెల్ దగ్గర ఎప్పుడూ జనమే. ఒక ఫోటో తీసుకుని కదిలితే చాలు. ఆ సమయాన్ని ఆరుబయట పదహారు అడుగుల ఎత్తున నిలబెట్టిన ఉక్కు గ్రాఫ్ దగ్గర గడపండి. అమెరికాలో జైలుపాలైనవాళ్ల నిష్పత్తి దశాబ్దాల వెంట ఎలా పెరిగిందో తలెత్తి చూడాల్సిందే. నేటి జైళ్ల గురించిన ప్రదర్శనలో, మీరెప్పుడైనా చట్టాన్ని ఉల్లంఘించారా అని అడుగుతారు. అవునన్నవాళ్లకు ఒక దారి, లేదన్నవాళ్లకు ఒక దారి. మావాళ్లు అక్కడ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

నేను రెండు గంటలే కేటాయించాను. పొరపాటు. మూడున్నర గంటలైనా ఉండాలి.

బస పాతనగరంలో ఒక హాస్టల్‌లో. గదులు శుభ్రంగానే ఉన్నాయి, కానీ అందరూ కూర్చునే హాలును రాత్రి పదింటికే మూసేశారు. చూసొచ్చినదాని గురించి మాట్లాడుకోవడానికి చోటు లేక మెట్ల మీద సర్దుకున్నాం. గది అద్దె కంటే ముందు ఈ సంగతి కనుక్కోండి.

రెండో రోజు ఇండిపెండెన్స్ హాల్. ప్రవేశం ఉచితం, ముందే బుక్ చేసుకుంటే టికెట్‌కు 1 డాలర్ రుసుము. అందరూ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలైన గది కోసం వస్తారు. మాకు కావలసింది దాని ఎదుట ఉన్న పాత కోర్టు గది. తలుపుల్లేని కమానులతో హాలులోకి తెరిచి ఉంటుంది. దారినపోయేవాడు కూడా నిలబడి విచారణ చూడొచ్చు. నిందితుడు నిలబడే బోను కూడా ఉంది. గైడ్ చక్కగా చెప్పారు గానీ అక్కడ దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే బయట పచ్చికలో కూర్చుని మేమే ఒక నమూనా విచారణ జరుపుకున్నాం. ముందురోజు సెల్ దగ్గర ఆగిపోయిన అమ్మాయే ప్రాసిక్యూటర్. ఎంత శిక్ష అడగాలో తేల్చుకోలేక చాలాసేపు కాగితం వైపే చూస్తూ కూర్చుంది. జైలు ముందు, కోర్టు తర్వాత చూపించడం సరైనదేనని అప్పుడు అనిపించింది.

దగ్గర్లోని నేషనల్ కాన్స్టిట్యూషన్ సెంటర్ (అమెరికా రాజ్యాంగం గురించిన మ్యూజియం) బాగుంటుంది కానీ మూడో రోజు ఉంటేనే వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో ఒకబ్బాయి నా పక్క సీట్లోకి వచ్చాడు. "మేడమ్, నేను నిన్న 'లేదు' అన్న దారిలో వెళ్లాను. లైసెన్సు రాకముందే రెండేళ్లు బండి నడిపాను, అది గుర్తే రాలేదు," అన్నాడు. వచ్చే ఏడాది ప్రణాళికలో ఆ జైలుకు ఒక రోజంతా రాసుకున్నాను.