2 హెచ్‌పీ బోరు మోటారుకు 3 కేవీఏ జెనరేటరు కొనకండి

అపార్టుమెంటు బోరు కోసం చిన్న జెనరేటరు కొనాలనుకునేవారు డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు చుట్టూ నీళ్లే, కుళాయిలో మాత్రం చుక్క లేదు. కరెంటు లేదు, పై ట్యాంకు ఎండిపోయింది. ఆ అవస్థ మళ్లీ రాకూడదని ఎనిమిది ఇళ్లవాళ్లం చందాలు వేసుకుని ఈ వేసవిలో జెనరేటరు కొన్నాం. "మా 2 హెచ్‌పీ మోటారును లాగుతుందా?" అని దుకాణదారును ఒకటికి రెండుసార్లు అడిగాం. "రెండు హెచ్‌పీ అంటే ఒకటిన్నర కిలోవాట్లేనండీ, ఇది మూడు కేవీఏ. ఇంకా సగం బలం మిగులుతుంది" అన్నాడు. నమ్మాం.

మొదటిసారి కరెంటు పోయిన రోజు స్విచ్ వేయగానే ఇంజను గొంతు పట్టేసినట్టు మూలిగింది. సెల్లారు బల్బు మినుకుమంది. మోటారు స్విచ్ ఉండే ప్యానెల్ 'గుంయ్'మని హోరెత్తిందే తప్ప పైపులో నీరు రాలేదు. అలా నాలుగైదు సార్లు ప్రయత్నించాం. అదే మేము చేసిన పెద్ద తప్పు. మోటారు స్టార్ట్ కావడానికి ఊపునిచ్చే కెపాసిటర్ ఉబ్బి పగిలింది. మోటారు పైకి తీయిస్తే లోపలి రాగి తీగ చుట్ట, అదే వైండింగ్, నల్లగా మాడి ఉంది.

వైండింగ్ కట్టించి మోటారు దించాక, మెకానిక్ మామూలు కరెంటు మీద వేసి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి చూపించాడు. ముల్లు ఒక్క క్షణం 50 ఆంపియర్లు దాటి, వెంటనే 12 దగ్గర నిలిచింది. అసలు విషయమంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది. ఆగి ఉన్న మోటారు కదలడానికి, నడిచేటప్పటి కంటే ఐదు నుంచి ఏడు రెట్లు కరెంటు లాగుతుంది. వీధి లైను ఆ దెబ్బకు తట్టుకుంటుంది కానీ చిన్న జెనరేటరు వోల్టేజీ కుప్పకూలుతుంది. వోల్టేజీ 70 శాతానికి పడితే మోటారు తిప్పే బలం సగమైపోతుంది. ఇక తిరగలేక, లాగిన కరెంటంతా వేడిగా మారి లోపలే కాలిపోతుంది.

కాబట్టి హెచ్‌పీ లెక్కలు వినకండి. మోటారు ప్లేటు మీది ఆంపియర్లను 230తో గుణించండి. మాది 12 ఆంపియర్లు, అంటే 2,760 వీఏ, వెయ్యి వీఏ ఒక కేవీఏ కాబట్టి సుమారు 2.8 కేవీఏ. అది నడవడానికే సరి. స్టార్ట్ కావాలంటే దానికి కనీసం రెండున్నర, మూడు రెట్లు ఉండాలని, మాకు 7.5 కేవీఏ కావలసిందని మెకానిక్ చెప్పాడు. పైగా డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 3 కేవీఏ కాసేపు మాత్రమే ఇచ్చే గరిష్ఠం. నిలకడగా ఇచ్చేది 2.8 అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మేము చూడలేదు.

దుకాణదారు మాటతో సరిపెట్టుకోకండి. మీ మోటారు హెచ్‌పీ, ఆంపియర్లు బిల్లు మీద రాయించి, "దీన్ని స్టార్ట్ చేస్తుంది" అని సంతకం తీసుకోండి. మీ బోరు దగ్గరే వేసి చూపించాకే మిగతా డబ్బు ఇవ్వండి. మోటారు మూడు నాలుగు సెకన్లలో అందుకోకపోతే వెంటనే ఆపేయండి, మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. ఇంకొకటి, జెనరేటరును సెల్లారులో నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మేము ఆ రోజు తెలియక అక్కడే నడిపాం, పిల్లలు పక్కనే ఉన్నారు.

దుకాణదారు వెనక్కి తీసుకోనంటున్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాం. ఆ డబ్బాను, పగిలిన కెపాసిటర్‌ను అలాగే దాచి ఉంచాం.