కాన్పు నొప్పులకు నడకా, వెన్నులో మత్తు సూదా: ఏది మేలు?

మా చెల్లికి తొమ్మిదో నెల. తొలి కాన్పని విజయవాడలో పుట్టింటికి వచ్చింది. "అక్కా, వెన్నులో సూది వేయించుకోనా, ఓర్చుకోనా?" అని రోజూ అడుగుతోంది. నా కాన్పు గుంటూరులో అయింది. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి డ్రిప్ పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. పక్కకు తిరుగుతానన్నా వద్దన్నారు, మత్తు మాటే ఎత్తలేదు. నొప్పికి మందూ లేక, కదలనివ్వకా పడుకోబెట్టడం కంటే నడకా, వెన్నులో సూదీ, ఈ రెండిట్లో ఏదైనా మేలే.

నొప్పి తగ్గించడంలో ఎపిడ్యూరల్‌కు, అంటే ఆ వెన్నులో మత్తు సూదికి, సాటి లేదు. నడుము దగ్గర వెన్నులోకి సన్నని గొట్టం పెట్టి, దాని ద్వారా మందు ఎక్కిస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది. అయితే బీపీ పడిపోవచ్చు, కాళ్లు బరువెక్కుతాయి, మూత్రానికి గొట్టం పెట్టాల్సి రావచ్చు. బిడ్డను బయటికి నెట్టే సమయం కూడా కాస్త సాగుతుంది. "అది వేయించుకుంటే చివరికి ఆపరేషనే, ఆపైన జన్మంతా నడుంనొప్పి" అని మా పెద్దమ్మ భయపెడుతోంది. పరిశోధనల్లో ఆ రెండూ నిలబడలేదు. మోతాదు తక్కువగా ఇస్తే పక్కకు తిరగడం, లేచి కూర్చోవడం వీలవుతుంది. నిలబడగలిగేవాళ్లూ ఉన్నారు.

నడకకు పైసా ఖర్చు లేదు. నొప్పుల తొలి దశలో పడుకోకుండా నడుస్తూ, నిలబడుతూ, కూర్చుంటూ ఉన్నవాళ్లకు ఆ దశ సగటున గంటకు పైగా తగ్గిందని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇదే సలహా ఇచ్చింది, తల్లి కోరుకున్న మనిషిని తోడుగా ఉంచమనీ చెప్పింది. నడిచినంత మాత్రాన నొప్పి పోదు, ఓర్చుకునే బలం వస్తుంది. బీపీ ఎక్కువున్నా, రక్తస్రావం అవుతున్నా, బిడ్డ గుండె చప్పుడు తేడాగా ఉన్నా మాత్రం డాక్టర్ మాటే వినాలి.

పీల్చే గ్యాస్ కూడా ఉంది, సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. అది దొరికితే మంచిదే, కానీ కళ్లు తిరగొచ్చు, వికారం రావచ్చు. కండకు వేసే ఇంజెక్షన్లతో మగత వస్తుంది, నొప్పి పూర్తిగా పోదు.

అందుకే ముందు అమ్మ చెయ్యి పట్టుకుని వరండాలో నడవమన్నాను. తట్టుకోలేకపోతే సూది అడగమన్నాను. అడిగితే ఓర్పు లేనిదని ఎవరూ అనకూడదు. నిన్న చెకప్‌లో తనే కనుక్కుని వచ్చింది. లేబర్ రూమ్‌లోకి అమ్మను రానిస్తారట. రాత్రిపూట మాత్రం మత్తు డాక్టర్‌ను ఇంటి నుంచి పిలిపించాలట. అలాగైతే నొప్పి తారస్థాయికి చేరేదాకా ఆగకుండా, కాస్త ముందే నర్సుకు చెప్పమన్నాను.